ఫ్లూ టీకా: రోహిణి కార్తెకూ మందుల షాపు ఫ్రిజ్‌కూ మధ్య

నిరుడు మే నెలాఖరున నాన్నకు ఫ్లూ టీకా కొనడానికి మా వీధి చివరి మందుల షాపుకు వెళ్లాను. నాన్నకు డెబ్బై రెండేళ్లు. ఇరవై ఏళ్లుగా మధుమేహం ఉంది. అంతకు ముందు వానాకాలంలో జ్వరం, దగ్గు, ఆయాసంతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఈసారి వానలు పడకముందే టీకా వేయించమని డాక్టరు చీటీ రాసిచ్చారు. షాపులోని కుర్రాడు ఫ్రిజ్ తెరిచి, కూల్‌డ్రింకు సీసాల వెనక నుంచి చిన్న పెట్టె ఒకటి తీశాడు. ప్లాస్టిక్ సంచిలో నాలుగు ఐసు ముక్కలు వేసి, వాటి మధ్య ఆ పెట్టెను దూర్చి, "ఇంటికి వెళ్లాక ఎవరి చేతనైనా వేయించండి సార్" అన్నాడు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ.

అక్టోబరులో న్యూజెర్సీ నుంచి అక్క ఫోను చేసింది. పాలు, కూరగాయలు కొనడానికి వెళ్లిన దుకాణంలోనే ఫార్మసీ ఉందట. అక్కడే ఆమే, బావగారూ ఫ్లూ సూది వేయించుకుని, సామాన్లు తీసుకుని ఇంటికి వచ్చేశారట. మొత్తం అరగంట పని. అదే టీకా, అదే అర మిల్లీలీటరు మందు. అక్కడ మందుల షాపులో సూది వేస్తారు, ఇక్కడ సంచిలో పెట్టి చేతికిస్తారు. ఈ తేడా ఎందుకు వచ్చిందని వెతుకుతూ పోతే చట్టం ఒకవైపు, చల్లదనం ఒకవైపు, కాలం ఒకవైపు ముడిపడి కనిపించాయి. వీటిలో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది కాలం దగ్గర. అందుకే దానితోనే మొదలుపెడతాను.

ప్రతి ఏడాదీ ఎందుకు

మశూచికి ఒకసారి టీకా వేస్తే సరిపోయేది. ఆ వైరస్ తన రూపం పెద్దగా మార్చుకోదు. ఫ్లూ వైరస్ అలా కాదు. అది తన జన్యు పదార్థానికి నకలు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, చేసిన తప్పును దిద్దుకోదు. ఆ తప్పులు పోగుపడే కొద్దీ దాని పైపొర మీది రెండు ప్రొటీన్ల ఆకారం కొంచెం కొంచెంగా మారుతుంది. ఒకటి హీమగ్లూటినిన్, రెండోది న్యూరమినిడేజ్. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని పత్రికల్లో చదివే పేర్లలోని హెచ్, ఎన్ ఇవే. నిరుడు మన శరీరం గుర్తుపెట్టుకున్న ముఖం ఈ ఏడాదికి కొంత మారిపోయి ఉంటుంది. దానికి తోడు టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచే కొద్దీ సన్నగిల్లుతుంది.

ఈ మార్పులను కనిపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి ఒక ప్రయోగశాలల వలయాన్ని నడుపుతోంది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా అందులో ఉంది. ఊరూరా రోగుల గొంతు, ముక్కుల నుంచి తీసిన నమూనాలను పరీక్షించి, ఏ రకాలు ఎక్కువగా తిరుగుతున్నాయో లెక్క వేస్తారు. ఆ లెక్కలు ముందు పెట్టుకుని నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటారు. ఉత్తరార్ధగోళం శీతాకాలానికి పనికొచ్చే టీకాలో ఏ రకాలు ఉండాలో ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో నిర్ణయిస్తారు. ఇంత ముందుగా ఎందుకంటే, ఇప్పటికీ ఎక్కువ టీకాలను ఫలదీకరించిన కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, దాన్ని చంపి, శుద్ధి చేసి తయారుచేస్తారు. అందుకు దాదాపు ఆరు నెలలు పడుతుంది. అంటే పెట్టెలో ఉన్నది ఆరు నెలల కిందటి అంచనా. అంచనా బాగా కుదిరిన ఏడాది టీకా వేయించుకున్నవారిలో డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే అవకాశం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. కుదరని ఏడాది అంతకంటే తక్కువ. ఇది చిన్న సంఖ్య అనిపించవచ్చు. కానీ టీకా వేయించుకున్నాక ఫ్లూ వచ్చినా ఆసుపత్రిలో చేరడం, వెంటిలేటర్ దాకా వెళ్లడం తగ్గుతాయి. మా నాన్న లాంటి వారి విషయంలో అసలు లెక్క అదే.

మరో గందరగోళం పేరుతో వచ్చింది. 2009 మే నెలలో భారతదేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. మళ్లీ 2015 తొలి నెలల్లో తెలంగాణ, రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలను అది ఊపేసింది. ఆ ఏడాది దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి, మూడు వేల మంది దాకా చనిపోయారు. ఆ భయం వల్ల ఇప్పటికీ చాలామంది షాపుకు వెళ్లి "స్వైన్ ఫ్లూ టీకా ఉందా" అని విడిగా అడుగుతారు. 2009లో వచ్చిన ఆ హెచ్1ఎన్1 వైరస్ ఎక్కడికీ పోలేదు, ఏటా వచ్చే మామూలు ఫ్లూలో ఒకటిగా స్థిరపడింది. ఏటా తయారయ్యే ఫ్లూ టీకాలో దాని వారసుడు ఉంటాడు. వేరే టీకా కోసం వెతకాల్సిన పని లేదు.

పెట్టె మీద మూడు రకాలని ఉంటుందా, నాలుగు రకాలని ఉంటుందా అన్నది ఇంకొక ప్రశ్న. చాలా ఏళ్లు నాలుగే ఉండేవి. వాటిలో బి/యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు. అందుకే దాన్ని తీసేసి మూడింటికి దిగారు. అమెరికాలో 2024 నుంచి అన్నీ మూడు రకాలవే. ఇక్కడ నాలుగు రకాల పెట్టె దొరికినా నష్టమేమీ లేదు. చూడాల్సింది రకాల సంఖ్యను కాదు, ఏడాదిని.

మన ఫ్లూకు వాన ఇష్టం

అమెరికాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో టీకా వేయించుకోమని చెబుతారు. అక్కడ ఫ్లూ శీతాకాలపు జబ్బు. ఆ సలహా ఫోన్లలో మనకూ చేరుతుంది, మనవాళ్లూ దసరా దాటాక టీకా గురించి ఆలోచిస్తారు. ఇక్కడే పొరపాటు. భారతదేశం భూగోళం మీద ఉత్తరార్ధంలో ఉన్నా, శ్రీనగర్ లాంటి చోట్ల తప్పిస్తే దేశంలో ఎక్కువ భాగంలో ఫ్లూ వానలతో పాటు పెరుగుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా అది ఉధృతంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు తడిపే చెన్నైలో అక్టోబరు, నవంబరు నెలలకు జరుగుతుంది. జనవరి నుంచి మార్చి లోపు ఇంకో చిన్న అల వస్తుంది, 2015లో వచ్చినట్టు అప్పుడప్పుడు అది పెద్దదీ అవుతుంది.

సూది వేసిన తర్వాత రక్షణ తయారు కావడానికి రెండు వారాలు పడుతుంది. ఇప్పుడు కార్తెల లెక్క చూడండి. మే 25 ప్రాంతంలో రోహిణి మొదలవుతుంది. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణిలో టీకా వేయించుకుంటే ఆరుద్ర వానలు ఊపందుకునే నాటికి శరీరం సిద్ధంగా ఉంటుంది. మన పల్లెల్లో విత్తనాలు సిద్ధం చేసుకునే సమయమే ఫ్లూ టీకాకూ సరైన సమయం.

మే నెలలో కొనేటప్పుడు పెట్టె మీద ఏమి రాసి ఉందో చూడటం కూడా దీనిలో భాగమే. ఉత్తరార్ధగోళం టీకా మీద రెండు ఏళ్లు జంటగా ఉంటాయి, 2025-2026 అన్నట్టు. దక్షిణార్ధగోళం టీకా మీద ఒకే ఏడాది ఉంటుంది. మన వానాకాలానికి ముందు కొత్తగా తయారై వచ్చేది ఆ ఒంటి ఏడాది పెట్టె. జంట ఏళ్ల పెట్టె మేలో కనబడితే అది కిందటి శీతాకాలపు సరుకు. గడువు తీరకపోయినా అందులోని అంచనా పాతది. అది తప్ప దొరకకపోతే ఏమి చేయాలన్నది డాక్టరును అడగండి. కానీ అడగకుండా షాపువాళ్లు ఇచ్చింది తీసుకోకండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొత్త జంట ఏళ్ల పెట్టెలు వస్తాయి. వానల ముందు తప్పిపోయినవారికి అవి పనికొస్తాయి. ఆలస్యమైందని మానేయడం కంటే ఆలస్యంగా వేయించుకోవడం మేలు.

రోళ్లు పగిలే ఎండలో ఐసు ముక్కలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండలోనే ఈ టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య కాపాడాలి. మన దగ్గర అసలు కష్టం ఇదే. టీకాకు సరైన కాలమే దాన్ని చల్లగా ఉంచడానికి అన్నింటికంటే కష్టమైన కాలం.

వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకడితే కూడా పాడవుతుందని చాలామందికి తెలియదు. ఒక్కసారి గడ్డకట్టిన ఫ్లూ టీకాను పారేయాలి. కరిగించి వాడకూడదు. ఫ్రీజర్ అరకు ఆనుకుని పెట్టినా, ఐసు ముక్కల మధ్య దూర్చినా ఆ ప్రమాదం ఉంది. ఇంకా చిక్కేమిటంటే, పాడైన టీకా చూడటానికి మంచిదానిలాగే ఉంటుంది. సిరంజిలో అదే ద్రవం, అదే తేటదనం. వేసినవారికీ తెలియదు, వేయించుకున్నవారికీ తెలియదు. తెలిసేది ఆగస్టులో జ్వరం వచ్చాక.

మన ఊళ్లలో ఈ విద్య ఎవరికీ రాదనుకుంటే పొరపాటు. బుధవారం, శనివారం పిల్లల టీకాలకు వచ్చే ఏఎన్ఎం అమ్మ భుజానికి ఒక నీలం పెట్టె వేలాడుతూ ఉంటుంది. అందులోకి ఐస్ ప్యాకులు ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెడతారు. కొంచెం కరగడం మొదలైన ఐసు సున్నా డిగ్రీల దగ్గర నిలుస్తుంది, పక్కనున్న టీకాను గడ్డకట్టించదు. ఇంత జాగ్రత్త తెలిసిన వ్యవస్థ మనకు ప్రతి మండలంలో ఉంది. కానీ ఫ్లూ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. అందుకే ఆ నీలం పెట్టెలో ఫ్లూ టీకా ఉండదు. పదిహేను వందల నుంచి రెండున్నర వేల రూపాయల దాకా సొంతంగా పెట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకునే సరుకుగా మిగిలిపోయింది. పల్లెల్లో బీపీ, మధుమేహం మాత్రలు మింగుతున్న పెద్దవాళ్లకు ఈ టీకా పేరు కూడా తెలియకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఇది మారాలి.

అక్కడ ఎలా సాధ్యమైంది

అమెరికాలో ఫార్మసిస్టు సూది వేయడం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1994 ప్రాంతంలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఫార్మసిస్టులకు పద్ధతిగా శిక్షణ మొదలైంది. ఒక్కో రాష్ట్రమూ చట్టం మార్చుకుంటూ వచ్చి, 2009 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టు ఫ్లూ టీకా వేయడానికి అనుమతి వచ్చింది. పదిహేనేళ్ల ప్రయాణం అది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ తరఫున దేశమంతటా మందుల షాపుల్లో ఫ్లూ టీకా వేయడం 2015లో మొదలైంది.

అక్క చెప్పిన అరగంటలో ఏం జరుగుతుందో చూస్తే వ్యవస్థ అర్థమవుతుంది. ముందు ఒక కాగితం నింపాలి. ఇవాళ జ్వరం ఉందా, ఇంతకు ముందు ఏ టీకాకైనా తీవ్రమైన ఎలర్జీ వచ్చిందా, గిలాన్ బారే అనే నరాల జబ్బు ఎప్పుడైనా వచ్చిందా అని అడుగుతారు. తర్వాత ఒక చిన్న తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టి, జబ్బకు సూది వేస్తారు. పావుగంట అక్కడే కూర్చోమంటారు, సూది భయంతో కళ్లు తిరిగి పడిపోయేవారు కొందరుంటారు. లక్షల్లో ఒకరికి కూడా రాని తీవ్ర ఎలర్జీ వస్తే వెంటనే వేయడానికి ఎపినెఫ్రిన్ సూది అందుబాటులో ఉంటుంది. వేసిన టీకా వివరాలు నమోదవుతాయి. బీమా ఉన్నవారికి చాలావరకు జేబు నుంచి ఒక్క డాలరు కూడా పోదు.

పిల్లల దగ్గరకు ఆరు నెలలు ఉండటానికి వెళ్లే తల్లిదండ్రులకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. సందర్శకుల కోసం కొనే ఆరోగ్య బీమా సాధారణంగా టీకాల ఖర్చు ఇవ్వదు. ధర ముందే అడిగి డబ్బు కట్టడానికి సిద్ధపడి వెళ్లాలి. అరవై అయిదు దాటినవారికి అక్కడ మామూలు టీకా కంటే ఎక్కువ మోతాదుదో, బలం పెంచిన రకమో ఇవ్వడానికి మొగ్గు చూపుతారు. మామూలు టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉంటే, ఎక్కువ మోతాదు టీకాలో 60 ఉంటుంది. వయసు మీరిన శరీరం టీకాకు మందకొడిగా స్పందిస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. మేలో ఇక్కడ వేయించుకుని అక్టోబరులో అక్కడ ఉన్నవారు, అక్కడి సీజన్ టీకా గురించి ఫార్మసిస్టును అడగాలి. మధ్యలో నెలలు గడిచి ఉంటాయి, అక్కడి చలి అల ఇంకా రావాల్సి ఉంటుంది.

మన దగ్గర మెడికల్ షాపు లైసెన్సు మందు నిల్వ చేసి అమ్మడానికి మాత్రమే. సూది వేయడం దాని పరిధిలో లేదు. ఆ కుర్రాడు "ఎవరి చేతనైనా వేయించండి" అనడంలో తన హద్దు తను పాటించాడు. ఆ మాటలో తప్పు లేదు, దాని వెనక ఉన్న ఖాళీలో ఉంది. నా మటుకు నేను మన షాపులకు కూడా ఈ పని అప్పగించే రోజు రావాలని కోరుకుంటాను. ఆసుపత్రి లేని ఊళ్లున్నాయి కానీ మందుల షాపు లేని సెంటరు లేదు. అయితే ఆ రోజుకు ముందు లైసెన్సు మీద పేరున్న ఫార్మసిస్టు నిజంగా కౌంటరు వెనక నిలబడి ఉండాలి. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు కాకుండా థర్మామీటరు ఉండాలి, రోజూ ఉదయం, సాయంత్రం ఆ అంకె పుస్తకంలో రాయాలి. సూది వికటిస్తే మొదటి అయిదు నిమిషాల్లో ఏం చేయాలో చేతికి అలవాటై ఉండాలి. కోవిడ్ టీకాల కాలంలో బడుల్లో, ఫంక్షన్ హాళ్లలో మన సిబ్బంది ఇవన్నీ చేసి చూపించారు. అసాధ్యమైన పని కాదు.

అంతవరకు టీకాను ఇంటికి మోసుకెళ్లకండి, టీకా ఉన్న చోటికే మనిషిని తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఆ క్లినిక్‌కు ఫోను చేసి, ఏ ఏడాది పెట్టె ఉంది, మీ ఫ్రిజ్‌లోనే ఉందా, వేసేది ఎవరు అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటు కంటే జవాబు చెప్పే చోటు మంచిది. సూది జబ్బకు వేయాలి, తుంటికి కాదు. అలవాటుగా తుంటికి వేసేవారున్నారు, చొక్కా చేయి మడిచి మీరే జబ్బ చూపించండి.

ఎవరికి ముందు అంటే, అరవై అయిదు దాటినవారు, మధుమేహం, ఆస్తమా, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసేవారు. ఆరు నెలల లోపు శిశువుకు ఈ టీకా వేయరు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు వేయించుకుంటే ఆమె రక్తం నుంచి బిడ్డకు కొంత రక్షణ అందుతుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు కావాలి. ఒక్కటి వేయించి మరచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. గుడ్డు పడనివారు కూడా దీన్ని వేయించుకోవచ్చని ఇప్పటి వైద్య సలహా, అయినా ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక "టీకా వేయించుకున్నాకే నాకు ఫ్లూ వచ్చింది" అన్నవారికి ఒకటే జవాబు. సూదిలో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలు, అవి జబ్బు తేలేవు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల నలత ఉంటాయి. రెండు వారాల లోపు ఫ్లూ వస్తే అది రక్షణ తయారు కాకముందే వేరేచోట అంటుకున్నది. వేరే వైరస్‌ల జలుబు, రొంప ఎలాగూ వస్తూనే ఉంటాయి, ఈ టీకా వాటిని ఆపదు.

ఆ రోజు ఆ ప్లాస్టిక్ సంచిని కౌంటరు మీదే వదిలి వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఎండ ముదరకముందు నాన్నను బండి మీద ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్లాను. నర్సమ్మ ఫ్రిజ్ తలుపు మీది థర్మామీటరు చూపించారు, అయిదు డిగ్రీలు. పెట్టె మీద ఒకే ఏడాది అంకె. సూది వేసి, బ్యాచ్ నంబరు చీటీ మీద రాసిచ్చారు. నాన్న పావుగంట వరండాలో కూర్చుని పేపరు చదువుకున్నారు. ఇంటికి వచ్చాక గోడ మీది క్యాలెండర్ దించి, డిసెంబరు కాగితం వెనక పెన్సిలుతో "వచ్చే రోహిణి - ఫ్లూ సూది" అని రాసి, మళ్లీ మేకుకు తగిలించారు.